ఒకటి ఖాళీగా ఉండాలి

మత్స్యలింగం గారికి నిండినదేదైనా భయం. బిందె కానివ్వండి, బస్సు కానివ్వండి, బీరువా కానివ్వండి, అంచుదాకా నిండిందంటే చాలు, ఆయన మొహం పాలిపోతుంది. ఏ లెక్కలోనైనా ఒకటి ఖాళీగా ఉండి తీరాలి. ఎందుకని ఎవరడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు.

"ఏదైనా అయితేనో?"

ఆ 'ఏదైనా' ఏమిటో ఆయన ఎన్నడూ చెప్పలేదు. చెప్పి ఉంటే మేమంతా ఆ ఒక్కదానికే భయపడి ఊరుకునేవాళ్లం. చెప్పకపోవడం వల్ల అన్నింటికీ భయపడాల్సి వచ్చింది.

ఆయన టీ గ్లాసులో ముప్పావు మించి పోస్తే ముట్టుకోరు. చొక్కాకి రెండు జేబులు కుట్టించుకుని, ఒకదానిలో పెన్ను, ఫోను, కళ్లజోడు, తాళాలు, తలనొప్పి మాత్రలు అన్నీ కుక్కి, రెండోదాన్ని ఇస్త్రీ నలగకుండా ఖాళీగా ఉంచుతారు. పెళ్లి భోజనాల్లో ఆయన పక్క విస్తరి ముందు ఎవరినీ కూర్చోనివ్వరు. "ఎవరైనా ఆలస్యంగా వస్తారేమోనండీ" అని వడ్డించేవాళ్లని బతిమాలుతారు. ఒకసారి ఆ ఆలస్యంగా వచ్చినాయన సాక్షాత్తూ పెళ్లికొడుకు మేనమామ. ఇక చూడండి, ఆ తరవాత నెలరోజులు లింగం గారు మాకు ఆ విస్తరి గురించే చెప్పారు.

నర్సీపట్నంలో షేర్ ఆటో నిండితేగాని కదలదు. లింగం గారు నిండిన ఆటో ఎక్కరు. ఈ రెండింటికీ పొత్తు కుదరక ఆయన బలిఘట్టం నుంచి మా ఆఫీసున్న అబీద్ సెంటర్ దాకా రోజూ నడిచే వస్తారు. ఆటోవాళ్లు పక్కన ఆపి మరీ ఏడిపిస్తారు.

"రండి లింగం గారూ! ఒక్క సీటు కాళీ ఉంది!"

"నేనెక్కితే ఉండదు కదయ్యా," అని ఆయన నడక సాగిస్తారు.

ఆయన భార్య తలుపులమ్మ గారిని ఒకసారి అడిగాను, ఇంట్లో ఎలా వేగుతున్నారండీ అని. ఆవిడ పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు.

"పెళ్లైన కొత్తలో మంచం మీద కూడా మా ఇద్దరి మజ్జినా జానెడు సోటు ఒదిలి పడుకునీవోరమ్మా. అదెవరికేటని అడిగితే, ఏదైనా అయితేనో అన్నారు. ఏదైనా అవ్వాలంటే అసలు సోటు ఉండకూడదు కదేటి!"

ఇలాంటి మనిషి చేతిలో మా ఆఫీసు మెషీన్లన్నీ పెట్టారు ఏసుపాదం గారు. ఆయన మా యజమాని. మందుల షాపు మీద మేడగదిలో ఆయనకో సర్వే ఆఫీసు ఉంది. డ్రోన్ ఎగరేసి పైనుంచి తీసిన వందల ఫొటోలు మాకిస్తారు. జీడితోటలవి, చెరువులవి, రోడ్డు పడబోయే కొండలవి. వాటిని అతికి ఒక్క బొమ్మ చెయ్యడం మా పని. చేశాక కొండ తెరమీద మిట్టపల్లాలతో సహా లేచి నిలబడుతుంది. నేను లావణ్యని. మాకవరపాలెం నుంచి వచ్చి రెండేళ్ల కిందట ఈ ఉద్యోగంలో చేరాను. పుట్టు పిరికిదాన్ని. లింగం గారి దగ్గర పని నేర్చుకున్నాక ఆ పిరికితనానికి పద్ధతి కూడా అబ్బింది.

ఇంత అతుకుల పని ఒక్క కంప్యూటర్ చెయ్యాలంటే వారం పడుతుంది. అందుకని ఏసుపాదం గారు ఎక్కడెక్కడివో పాత కంప్యూటర్లు తొమ్మిది తెచ్చి, వైర్లతో కలిపి, పని పంచుకునేలా పెట్టించారు. వెయ్యి ఫొటోలొచ్చాయంటే తలా కొన్ని ఇస్తాం. ప్రతిదీ తన వాటా అతికి ఇస్తుంది. ఆఖరున ముక్కలన్నీ కలిపితే బొమ్మ. చిక్కల్లా ఒకటే. అన్నీ పూర్తిచేసి ఒక్కటి వెనకబడినా బొమ్మ రాదు. అది మూలుగుతూ ముగించేదాకా మిగతావన్నీ చేతులు కట్టుకు కూర్చోవాలి.

ఎవరికెంత వాటా అన్నది తేల్చడమే లింగం గారి విద్య. పొద్దున్నే వచ్చి, పిల్లలకి జ్వరం చూసినట్టు ఒక్కో మెషీన్ వీపు మీద చెయ్యి పెట్టి చూస్తారు. రెండో నంబరు ముసలిది. నాలుగోదానికి ఆయాసం, ఫ్యాను గరగరమంటుంది. ఏడోది దుడుకుది, ఎంతిచ్చినా మోస్తుంది, కానీ ఎక్కువిస్తే అలుగుతుంది.

"సమానంగా పంచితే న్యాయం కాదమ్మా. మోయగలిగినంత పంచాలి," అనేవారు నాతో.

ఇంత న్యాయం తెలిసిన మనిషి తొమ్మిదోదానికి మాత్రం ఒక్క ఫొటో కూడా ఇచ్చేవారు కాదు. అది ఆరేళ్లుగా పచ్చదీపం వెలిగించుకుని ఊరికే కూర్చుంది. దీని మీద ఏసుపాదం గారికీ ఆయనకీ ప్రతి సోమవారం తగువే.

"ఏటి లింగం, నేనేటి దాన్ని మ్యూజియంలో పెట్టడానికి తెచ్చానా?"

"లేదండి."

"మరి పని సెప్పు దానికి!"

"చెప్పానండి."

"ఏటి సెప్పావు?"

"ఖాళీగా ఉండమన్నానండి."

ఏసుపాదం గారు పైకప్పు వంక చూసి "ప్రభువా, నాకు ఓర్పు దయచెయ్యి" అని కిందికి దిగిపోయేవారు. ఓర్పు దొరికేదో ఏమో, మళ్లీ సోమవారం దాకా పైకి వచ్చేవారు కాదు.

లింగం గారి బల్ల కింద పాత తువ్వాలు కప్పిన పెట్టె ఒకటుండేది. దానిమీద కాళ్లు పెట్టుకునేవారు. మధ్యాహ్నం వరకు దానిమీదే క్యారేజీ పెట్టేవారు. అదేమిటండీ అని చేరిన కొత్తలో అడిగాను.

"కాళ్లు పెట్టుకునే పెట్టమ్మా," అన్నారు. అంతటితో దాన్ని మరిచిపోయాను.

మొన్న ఆగస్టులో ఒక రోజు. మూడు రోజుల ముసురు కాస్త తెరిపిచ్చింది. పొద్దున్న తొమ్మిది కొట్టకముందే ఇంజనీరు జగదీశ్వరరావు గారి మనిషి తడిసిన బండి మీద వచ్చి ఫొటోల కార్డు ఇచ్చి వెళ్లాడు. ఆ వెనకే ఇంజనీరు గారు ఫోన్ చేశారు. లింగం గారు అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టారు. కొయ్యూరు పైన రాళ్లగరువు అనే ఊరు. ఊరి నెత్తిన ఉన్న కొండకి నిలువునా బీట పడింది. ముందురోజు వాన ఆగినప్పుడు డ్రోన్ ఎగరేసి రెండు వేల ఫొటోలు తీశారు.

"పోయినేడు రోడ్డు కొలతకి అదే కొండని మీరే అతికించారు కదండీ. ఆ బొమ్మ మీద ఈ బొమ్మ పెట్టి చూస్తే నేల ఎటు జారుతోందో తెలుస్తుంది. సాయంత్రం అయిదుకి మళ్లీ పెద్దవాన అంటున్నారు. నాలుగింటికి జనాన్ని లారీలెక్కించి స్కూల్లో పెడతాం. అది సిమెంటు బిల్డింగు. కానీ ఆ కొండ ఎటు పడుతుందో తెలీకుండా పెట్టాలంటే నాకు ధైర్యం చాలట్లేదు. నాలుగులోపు చెప్పండి."

ఆయనకే ధైర్యం చాలకపోతే ఇక నాకెక్కడిది?

దభీమని శబ్దమైంది. వెనక్కి తిరిగి చూస్తే కొండలమ్మ. మా ఆఫీసు ఊడ్చి, టీ తెచ్చిపెట్టే మనిషి. చేతిలోని చీపురుకట్ట వదిలేసి గోడకి చేరగిలబడిపోయింది.

"రాళ్లగరువేనా అమ్మా? మా సెల్లిని అక్కడే ఇచ్చాం. ఇల్లు స్కూలు పక్కనే. ముగ్గురు పిల్లలు."

లింగం గారు లేచి, ఆవిడకి మంచినీళ్లిచ్చి, మెషీన్ల వీపులు తడమడం మొదలుపెట్టారు. ఏడోదానికి మూడొందల యాభై, ఆయాసం నాలుగోదానికి రెండొందలు, ముసలి రెండోదానికి నూట ఎనభై, ఇలా ఎనిమిదింటికీ పంచారు. తొమ్మిదోదానికి ఎప్పటిలాగే సున్నా.

"ఎన్నింటికవుతుందండీ?"

"మూడుంబావుకి అతుకులు. మూడున్నరకి బొమ్మ."

"ఏదైనా అయితేనో?" అనేశాను. ఆయన జబ్బు నాకు అంత బాగా అంటుకుంది మరి. ఆయన తొమ్మిదోదాని పచ్చదీపం వంక చూశారు.

పదకొండింటికి ఏసుపాదం గారు మెట్లెక్కి వచ్చారు. సోమవారం కాకపోయినా వచ్చారంటే ఆయనకీ భయం పట్టుకుందన్నమాట.

"లింగం, ఈ ఒక్క రోజూ నా మాట ఇను. దాన్ని కూడా పనిలో పెట్టు. అరగంట కలిసొస్తాది."

"వద్దండి. ఇవాళ అసలే వద్దు."

"ఊరు ఊరంతా కొండ కింద ఉందయ్యా!"

"అందుకేనండి."

ఏసుపాదం గారు ఊళ్లోకి పనిమీద వెళ్లిపోయారు. వెళ్లేముందు నా వంక ఒక చూపు చూశారు. ఆ చూపుకి ఏ అర్థమూ లేదని ఇప్పుడు తెలుసు. ఆయన కళ్లజోడు వెతుక్కుంటున్నారట. అప్పుడు మాత్రం నాతో ఏదో చెప్పినట్టే అనిపించింది.

పన్నెండున్నరకి లింగం గారు క్యారేజీ పట్టుకుని కిందికి వెళ్లారు. మందుల షాపు వెనక అరుగు మీద ఒక్కరే కూర్చుని తినడం ఆయన అలవాటు. గదిలో నేను, కొండలమ్మ మిగిలాం. ఆవిడ నేలమీద కూర్చుని, తెరల మీద పాకుతున్న నీలం గీతలనే చూస్తోంది. చదువు రాకపోయినా ఏది పనిచేస్తోందో, ఏది లేదో కనిపెట్టేసింది.

"లావన్నమ్మా, ఆ చివర్ది ఏటీ సెయ్యట్లేదు కదా?"

"అవును."

"దానికీ కాస్త ఇవ్వొచ్చు కదమ్మా? బేగి అవుతాది. మా సెల్లి ఫోనెత్తట్లేదు."

ఇక నా వల్ల కాలేదు. అక్కడి నుంచి జరిగిందంతా నేను చేసిందే. లేచి వెళ్లి, ఏడోదాని దగ్గర ఇంకా మొదలుపెట్టని ఫొటోలు నూటయాభై తీసి తొమ్మిదోదానికి అప్పజెప్పాను. ఆరేళ్ల తరవాత అది గుర్రుమని లేచింది. దాని తెర మీద నీలం గీత కదలగానే కొండలమ్మ రెండు చేతులూ జోడించింది. లింగం గారు పైకి వచ్చేసరికి పని సగమై ఉంటుంది, అప్పుడాయన ఏమీ అనలేరని సర్దిచెప్పుకున్నాను.

నాకు తెలియని సంగతి ఒకటుంది. కరెంటు పోతే మెషీన్లు ఆరిపోకుండా పట్టి ఉంచే యూపీఎస్‌లు మా దగ్గర నాలుగున్నాయి. నాలుగోది, తొమ్మిదోది ఒకే దానిమీద ఉన్నాయి. అన్నిట్లోకీ ముసలి యూపీఎస్ అది. ఆయాసపు నాలుగోదాన్ని మొయ్యడమే దానికి గగనం.

ఒంటిగంటా పదికి కరెంటు పోయింది. వచ్చింది. మళ్లీ పోయింది. మూల నుంచి కీచుమని అరుపు, ఆ వెంటనే కాలిన వాసన. నాలుగోది, తొమ్మిదోది రెండూ ఒక్కసారే నల్లబడిపోయాయి. నిమిషంలో కరెంటు తిరిగొచ్చినా ఆ రెండూ లేవలేదు. వాటా మొత్తం పూర్తయ్యేదాకా మెషీన్ దేన్నీ దాచుకోదు. అంటే రెండింటి పనీ గంగలో కలిసినట్టే.

"ఏటైంది అమ్మా? అవి రెండూ ఎందుకారిపోనాయి?"

రాళ్లగరువులో స్కూలు పక్కనున్న ఇల్లు, అందులో ముగ్గురు పిల్లలు, నేను ఎన్నడూ చూడని ఆ ఇల్లు కళ్లముందు కనిపించింది. అంత భయం జీవితంలో మరెప్పుడూ పడలేదు. మెట్ల మీద లింగం గారి చెప్పుల చప్పుడు వినిపించినప్పుడు కిటికీలోంచి దూకేద్దామా అనిపించింది. మేడ ఎత్తు తలుచుకుని దానికీ భయపడ్డాను.

ఆయన వచ్చి, వాసన చూశారు. నల్లబడిన తెరలు చూశారు. తిన్నగా వెళ్లి తొమ్మిదోదాని వీపు మీద చెయ్యి పెట్టారు. ఆరేళ్లలో అది వేడెక్కడం అదే మొదలు. చెయ్యి తియ్యకుండానే నా వైపు తిరిగారు.

"లింగం గారూ, నేను..." అన్నాను.

భయపడకమ్మా అని ఆయన అనలేదు.

"నాకూ భయంగానే ఉంది," అన్నారు. "ఆ తువ్వాలు అందుకో."

నాకు అర్థం కాలేదు. ఆయన బల్ల కిందికి వంగి, కాళ్లు పెట్టుకునే పెట్టెని బయటికి లాగారు. తువ్వాలు తీస్తే అది కంప్యూటర్. మూడు రంగుల డొక్కు పెట్టె, ఒక పక్క మూత లేదు, ఫ్యానుని పురికొసతో కట్టారు. దాని వెనకే చిన్న బ్యాటరీ, దానికి వేరే తీగ. పారేసిన మెషీన్లలోంచి పనికొచ్చే ముక్కలేరి, ఎవరికీ తెలియకుండా ఆయనే కట్టుకున్న పదో నంబరు!

"ఇదేటండీ?"

"ఖాళీకి ఖాళీ అమ్మా. ముందు పని చూడు, తరవాత ఆశ్చర్యపోదాం."

మళ్లీ చెయ్యాల్సినవి మూడొందల యాభై ఫొటోలు. కాగితం మీద గబగబా లెక్క వేసి, మిగిలిన ఏడింటికీ మోయగలిగినంత తలా కొంచెం పెంచారు. ముసలి రెండోదానికి మాత్రం ఇరవయ్యే ఇచ్చి, పైగా దాని మీద టేబుల్ ఫ్యాను తిప్పారు. పదోదాని వంతు వచ్చింది.

"ఇది రెండొందల యాభై మోస్తుంది. నూటతొంభై ఇద్దాం."

"ఇంకో అరవై ఇవ్వండి లింగం గారూ!"

"వద్దమ్మా. ఏదైనా అయితేనో?"

"ఇంకా ఏమవ్వాలండీ!" అని అరిచేశాను. పెద్దాయన మీద నోరు చేసుకోవడం నాకు అదే మొదటిసారి. కొండలమ్మ కూడా ఉలిక్కిపడింది. ఆయన మాత్రం నూటతొంభై దగ్గరే ఆగారు.

తరవాతి రెండు గంటలూ ఎలా గడిచాయో చెప్పలేను. బయట మబ్బు కమ్ముకొస్తోంది. కొండలమ్మ చెల్లెలికి ఫోన్ చేస్తూనే ఉంది. ప్రతిసారీ అందుబాటులో లేరన్న మాటే. లింగం గారు జ్వరాల వార్డులో నర్సులాగా ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూ వీపులు తడుముతున్నారు. మధ్యలో ఒకసారి పొరపాటున నా వీపు మీద కూడా చెయ్యి పెట్టబోయి, నాలిక్కరుచుకుని వెళ్లిపోయారు. మామూలు రోజైతే పగలబడి నవ్వేదాన్ని.

మూడుంబావుకి పదోది పని ముగించింది. ఏడోది ముగించింది, అలిగి పడుకుంది. ఒక్కొక్కటే ముగిస్తున్నాయి. మూడూ ఇరవై అయిదుకి చూస్తే ఒక్క రెండోది మిగిలింది. దాని గీత కదలడం లేదు. దాని వాటాలో ఇంకా అరవై ఫొటోలు ముట్టుకోనివి ఉన్నాయి. దాని నడక చూస్తే సాయంత్రం అయిదు దాటేలా ఉంది.

"మోయలేకపోతోంది పాపం," అని లింగం గారు, ఆ అరవై తీసి, ఖాళీగా ఉన్న పదోదానికి ఇచ్చారు. ఇందాక నేను ఇవ్వమని అరిచిన సంఖ్యా సరిగ్గా అరవయ్యే. అప్పుడే ఇచ్చేసి ఉంటే పదోది ఇంకా తన సొంత పనిలోనే మునిగి ఉండేది.

మూడూ యాభైకి అతుకులు పూర్తయ్యాయి. నాలుగుకి రెండు నిమిషాలుండగా పోయినేటి కొండ మీద ఈ ఏటి కొండ పరుచుకుంది. నేల కదలని చోట ఆకుపచ్చ, కదిలిన చోట ఎరుపు. బీట దగ్గర మొదలైన ఎరుపు, నేను అనుకున్నట్టు ఇళ్ల మీదికి దిగలేదు. పక్కకి తిరిగి, వాగు ఒడ్డునే జారి, తిన్నగా ఒక నలుచదరపు కప్పు దగ్గర ఆగింది.

"అదేటమ్మా?" అంది కొండలమ్మ.

"స్కూలు," అన్నాను.

లింగం గారు ఫోన్ తీశారు. కలవలేదు. మళ్లీ కలవలేదు. మూడోసారి జగదీశ్వరరావు గారు ఎత్తేసరికి వెనక లారీ ఇంజను చప్పుడు, పిల్లల గోల.

"ఆ, చెప్పండి! ఎక్కించేశాం, స్కూలు గేటు దగ్గరే ఉన్నాం!"

"దింపకండి సార్!" అని అరిచారు లింగం గారు. "స్కూల్లో దింపకండి! కొండ స్కూలు మీదికే వస్తోంది! పక్కనున్న ఇళ్లు కూడా ఖాళీ చేయించండి! అవతలి మెట్ట మీద చర్చి హాలుంది, అక్కడ అంతా పచ్చగా ఉంది, అక్కడికి తోలండి!"

అవతల ఇంజనీరు గారు ఎవరినో కేకేయడం, లారీ గేరు మార్చడం వినిపించాయి. లింగం గారు ఫోన్ పెట్టేసి, ముప్పావు గ్లాసు నీళ్లు తాగి, కుర్చీలో కూలబడ్డారు.

అయిదున్నరకి ఏసుపాదం గారు గొడుగు దులుపుకుంటూ వచ్చారు. సంగతంతా విని ప్రభువుకి స్తోత్రం చెప్పారు. ఆ తరవాత ముక్కు ఎగబీల్చారు.

"ఏటీ కాలిన వాసన?" మూలకి వెళ్లి యూపీఎస్ చూశారు. తొమ్మిదోదాన్ని చూశారు. "దీనికి పనెవరు పెట్టారు?"

ఉద్యోగం పోవడం ఖాయమనుకున్నాను. ఒప్పుకుందామని లేవబోయాను.

"నేనేనండి," అన్నారు లింగం గారు.

"నువ్వా?"

"భయమేసి పెట్టేశానండి."

ఏసుపాదం గారు ఆయన్ని పైనుంచి కింది దాకా చూశారు. మొదట మూతి మీద, తరవాత పొట్ట మీద, ఆఖరికి మనిషంతా నవ్వు. "నువ్వే! ఆరేళ్లు నన్ను ఏడిపించి, ఆకరికి నువ్వే నింపీసావేటయ్యా!" నవ్వి నవ్వి గొడుగు మీద వాలిపోయారు. కొండలమ్మ నా వంక చూసింది. ఆవిడకి నిజం తెలుసు. చీపురందుకుని మూల ఊడవడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ చెల్లెలి ఫోన్ వచ్చింది. రాత్రి వానకి కొండ జారిందట. స్కూలు వెనక గోడ కూలి, గదుల్లో కిటికీల ఎత్తు బురద నిండిందట. మనుషులంతా చర్చి హాల్లో క్షేమం. పోయిందల్లా ఒక కోడి, అదీ మధ్యాహ్నానికి దొరికింది. కొండలమ్మ ఏడుస్తూ, నవ్వుతూ, లింగం గారికి గ్లాసు నిండుగా టీ తెచ్చింది. ఆయన ఆ గ్లాసు వంక భయంగా చూసి, పావు వంతు నా గ్లాసులో వంపి, మిగతాది తాగారు.

ఏసుపాదం గారు ఆ సంగతి కడుపులో దాచుకునే రకం కాదు. మూడు రోజుల్లో అబీద్ సెంటర్ అంతా పాకింది. టీ కొట్టు దగ్గర "లింగం గారి కాళీ నిండిపోనాదట!" అంటే, ఆటోవాళ్లు "రండి మేస్టారూ, ఇక నిండిన ఆటో ఎక్కొచ్చు కదా!" అనేవారు. ఆరేళ్లు పట్టుదలగా కాపాడుకున్న పేరు అలా పోయింది. ఆయన తలూపి నవ్వుతూ నడిచిపోయేవారు. ఒక్కరితో కూడా నా పేరు చెప్పలేదు.

వారం తరవాత ఇక ఉండబట్టలేక అడిగాను.

"ఆ రోజు నా తప్పు మీరెందుకు నెత్తినేసుకున్నారండీ?"

"నీకు ఉద్యోగంలో రెండేళ్లు. నాకు ఆరేళ్లు. నేను మోయగలను కదమ్మా."

"పోనీ, తొమ్మిదోది ఖాళీగా ఉండగా మళ్లీ ఆ పదోది దేనికండీ?"

ఆయన ఇబ్బందిగా ఖాళీ జేబు తడుముకున్నారు.

"తొమ్మిదోది మెషీన్లకమ్మా. వాటికేదైనా అయితే ఉంటుందని. పదోది మనుషులకి. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో భయపడి తొమ్మిదోదాన్ని వాడేస్తారని తెలుసు. భయపడ్డవాళ్లు తప్పు చెయ్యకుండా ఉంటారా? నాకు తెలీదేటి? దానికీ కాస్త చోటుండాలి కదా."

రెండేళ్లుగా ఆయన కాళ్ల కింద నా తప్పుకి చోటు కట్టి ఉంచారని, దానిమీద రోజూ క్యారేజీ పెట్టుకునేవారని తలుచుకుంటే ఏడుపు, నవ్వు కలిసొచ్చాయి. ఇదిగో, ఇన్నాళ్లకి ఆ చోటిచ్చిన ధైర్యంతోనే అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. తొమ్మిదోదాన్ని నింపింది నేనే. ఏసుపాదం గారు ఇది చదివితే పైకప్పు వంక చూస్తారు, చూడనివ్వండి.

పదో నంబరు ఇప్పుడు బల్ల మీదికి ఎక్కింది. కొత్త యూపీఎస్ వచ్చింది. పదోదాని సంగతి అందరికీ తెలిసిపోయింది కాబట్టి, కాస్త పని ఎక్కువైనప్పుడల్లా ఏసుపాదం గారి కళ్లు దానిమీదే ఉంటున్నాయి.

మొన్న పెన్ను పడిపోతే తీసుకోవడానికి వంగాను. లింగం గారి కాళ్ల కింద పెట్టె ఉంది. దానిమీద కొత్త తువ్వాలు, తువ్వాలు మీద క్యారేజీ. ఒక మూల నుంచి పురికొస బయటికి వేలాడుతోంది.

"ఇదేటండీ లింగం గారూ?"

ఆయన పురికొసని కాలితో లోపలికి తోసి, మెషీన్ల వైపు చూస్తూ అన్నారు.

"కాళ్లు పెట్టుకునే పెట్టమ్మా."